చెవుల మేస్త్రి

మా చెల్లెలి భర్తకు మనుషుల మొహాలు గుర్తుండవు, చెవులు గుర్తుంటాయి. బస్సులో ఎవరైనా పలకరిస్తే వెర్రిచూపు చూస్తాడు. ఆ మనిషి దిగిపోతూ పక్కకు తిరిగేసరికి, "అరె, ఎడమ చెవి కిందికున్నాయన! పన్నెండేళ్ళ కిందట గోధుమరంగు ఫ్రేము తీసుకున్నాడు బావా" అని నన్ను మోచేత్తో పొడుస్తాడు. ఆయన నన్ను బావా అంటాడు, నేనూ ఆయన్ని బావా అనే అంటాను. ఎవరికెవరు బావో తేల్చుకోలేక ఎదురింటివాళ్ళు మాది బావలిల్లు అంటారు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేశాడు. ముందు గదిలో అద్దాలు, దీపాలు, నవ్వు మొహాలు. తెర అవతల ఒక చిన్న బల్ల, వేడి ఇసుక పళ్ళెం, రెండు పట్టకార్లు, మా బావ. డాక్టరు రాసిన నంబరు ఎంత సరిగ్గా ఉన్నా, ఫ్రేము ఎంత గొప్పదైనా, అది మొహం మీద నిలబడాలంటే ఆ తెర వెనక్కి రావలసిందే. కళ్ళజోడు కాడల్ని ఇసుకలో వెచ్చబెట్టి వంచేవాడు. మనిషి వెనక నిలబడి రెండు చూపుడు వేళ్ళతో చెవుల వెనక తడిమేవాడు. మళ్ళీ వంచేవాడు. ఎదుటికి వచ్చి చూడడం చాలా తక్కువ. "ముందునుంచి చూస్తే అందంగా ఉందో లేదో తెలుస్తుంది బావా. ఎక్కడ నొక్కుతోందో వెనకనుంచే తెలియాలి" అనేవాడు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. కళ్ళజోడు పెట్టుకున్న మనిషి, "బాగుందండీ" అని లేవబోతే ఒప్పుకునేవాడు కాదు.

"వీధి చివరిదాకా వెళ్ళి రండి."

"ఎందుకండీ? బాగానే ఉంది కదా."

"కుర్చీలో కూర్చుంటే అన్నీ బాగానే ఉంటాయి. వెళ్ళండి. దారిలో ఒకసారి వంగి చెప్పు సరిచేసుకోండి. ఒకసారి మేడ మీదికి చూడండి. అప్పుడు రండి."

మంత్రి గుమాస్తా వచ్చినా, మార్కెట్లో మూటలు మోసేవాడు వచ్చినా అదే మాట. కొత్త ఫ్రేముతో ఎవడైనా అటే పోతే ఏంగతని యజమాని గొణిగేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కడే తిరిగి రాలేదట. "వాడి చెవులు నాకింకా గుర్తే" అంటాడు మా బావ, ఎప్పటికైనా పట్టుకుంటాడన్నట్టు.

యజమాని పోయాక కొడుకులు దుకాణం ఎత్తేశారు. యాభై నాలుగేళ్ళ వయసులో బావ ఒక కర్మాగారంలో పట్టీలు బిగించే విభాగంలో చేరాడు. అక్కడ తయారయ్యేది తలకు పెట్టుకునే తెర. నుదుటి చుట్టూ ఒక పట్టీ, దానికి కుడివైపున చిన్న కొమ్మ, ఆ కొమ్మ చివర కుడికంటి ముందు తపాలాబిళ్ళంత తెర. బ్యాటరీ, కంప్యూటరు రెండూ నుదుటి మీదే ఒక చిన్న పెట్టెలో ఉంటాయి. పట్టీ బిగించడానికి తల వెనక ఒక చక్రం. తిప్పితే టక్కు టక్కుమంటూ బిగుస్తుంది. గోడౌన్లలో సరుకులు ఏరేవాళ్ళ కోసం చేశారు దీన్ని. ఏ వరసకు పోవాలి, ఏ అరలోంచి ఏ పెట్టె తీయాలి, అంతా కంటి ముందే కనిపిస్తుంది. చిట్టా కాగితం పళ్ళతో కరుచుకుని నిచ్చెన ఎక్కే బాధ లేదు. ఆలోచన మంచిదే. కొత్త వస్తువు కనబడితే మొహం ముడుచుకునే ముసలివాళ్ళలో నేను లేను.

కంపెనీ దానికి నోరు తిరగని పేరేదో పెట్టింది. గోడౌన్లో ఆడవాళ్ళు దాన్ని 'గంత' అన్నారు. గానుగెద్దు కళ్ళకు కట్టేదే. ఆ పేరే అతుక్కుపోయింది.

ఆ గోడౌన్లో పనిచేసే ఆడవాళ్ళలో మా చెల్లి ఒకతె. ఆరో వరసనుంచి పదో వరసదాకా దానిది. మొగుడు బిగించిన గంతల్లో ఏదో ఒకటి పొద్దున ఎనిమిదింటికి పెళ్ళాం నెత్తికెక్కుతుంది, సాయంత్రం నాలుగింటికి దిగుతుంది. సంసారంలో ఇంతకన్నా పెద్ద చిక్కు ఏముంటుంది?

మొదట్లో చెల్లి ఇంటికి వచ్చీ రాగానే ముందు గదిలో కుర్చీలో కూలబడేది. నుదుటి మీద అడ్డంగా ఎర్రటి గీత. కణతల దగ్గర రెండు గుంటలు, బొటనవేలు ఆనించి తీసినట్టు. జడ ముడి కిందుగా, సరిగ్గా ఆ చక్రం ఆనే చోట, చర్మం కందిపోయి ఉండేది. బావ వెనక్కి వెళ్ళి నిలబడి అలవాటుగా చెవుల వెనక వేళ్ళు పెట్టేవాడు. "అబ్బా!" అని చెయ్యి విదిలించేది.

"ఏమండీ, ఒక్క మాట నిజం చెప్పండి. ఇవాళ్టి గంత మీ చేతిమీదుగా వచ్చిందేనా?"

"రోజుకు నాలుగు వందలు పోతాయే. ఏది ఎవరి నెత్తికెక్కుతుందో నాకేం తెలుసు?"

"నా నెత్తికే ఎక్కింది. ఇంట్లో చాలక అక్కడ కూడానా?"

నేను పక్కనే పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు నవ్వు రావడం మానేసింది. అది తలనొప్పితో గోడ వైపు తిరిగి పడుకునేది. దీపం వేస్తే కసిరేది. రెండు మూడు పేజీలు చదివి వినిపించమని రోజూ నన్ను అడిగే మనిషి, "అన్నయ్యా, ఇవాళ వద్దు" అనడం మొదలుపెట్టింది.

తప్పు ఎక్కడుందో బావకు మొదటి వారమే తెలిసింది. బరువంతా ముందే ఉంది. కింది అరలోకి వంగితే గంత ముక్కు మీదికి జారుతుంది. జారకూడదంటే టక్కులు బిగించాలి. బిగిస్తే కణతలు నలుగుతాయి. పోనీ అంటే, రెండు వైపులా ఒకే చక్రంతో సమానంగా బిగుస్తుంది. మనిషికి రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. ఉన్న తలను ముప్పై ఒక్క ఏళ్ళలో తాను చూడలేదంటాడు. వెనక చక్రం పెట్టినవాళ్ళకు, జుట్టు ముడి వేసుకునే మనుషులు కూడా లోకంలో ఉన్నారని తట్టనే లేదు. కళ్ళజోడున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ కొమ్మ వచ్చి అద్దానికి తగులుతుంది.

ఇవన్నీ డిజైన్ విభాగం పెద్దాయనకు చెప్పాడు. ఒకసారి కాదు, వెళ్ళినప్పుడల్లా చెప్పాడు. పెద్దాయన బాగా చదువుకున్న మనిషి, మెత్తగా మాట్లాడతాడు. అదే ఒళ్ళు మండించే సంగతి. కసిరినా బాగుండును.

"చెవుల మేస్త్రిగారూ, మీ అనుభవం గొప్పదే. కానీ ఇది కళ్ళజోడు కాదండీ, కంప్యూటరు."

"అయితే అయింది సార్. పెట్టుకునేది తలకే కదా?"

గదిలో అందరూ నవ్వారట. 'చెవుల మేస్త్రి' అన్న పేరు ఆరోజే ఖాయమైంది. ఆయన చెప్పిన మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు.

గోడౌన్లో ఆడవాళ్ళు తమ ఉపాయాలు తాము చేసుకున్నారు. ఒకావిడ కణతల దగ్గర గిన్నెలు తోమే స్పాంజి ముక్కలు దోపింది. ఇంకొకావిడ రుమాలు మడిచి పెట్టుకుంది. మా చెల్లి రెండు టక్కులు వదులు చేసుకుంది, అంతే. వదులు చేస్తే తెర కాస్త కిందికి వాలుతుంది. వాలినా చెల్లి తల ఎత్తి చదువుకునేది. పెట్టె తప్పు తీసింది లేదు, ఆలస్యం చేసింది లేదు. కానీ ఆ చక్రం ఎన్ని టక్కుల మీద ఉందో గంతే ఆఫీసుకు చేరవేస్తుందని వీళ్ళకు తెలియదు. మనిషి తలకు నొప్పి పుడుతోందని చెప్పడం చేతకాని యంత్రానికి చాడీలు చెప్పడం మాత్రం బాగా నేర్పారు.

మా చెల్లికి మొదటి హెచ్చరిక వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వస్తే ఉద్యోగం పోతుంది. దాని చేతిలో ఉన్నది ఆ పని ఒక్కటే. పందొమ్మిదేళ్ళు ఆ వరసల్లో నడిచింది. కళ్ళు మూసుకుని అడిగినా ఏ అరలో ఏముందో చెప్పగలదు. మూడో కాగితం వచ్చిన సాయంత్రం దాన్ని బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేను తీసి చదివాను.

"సదరు పరికరం ఎనిమిది గంటలపాటు నిరంతరాయంగా, అసౌకర్యం లేకుండా ధరించదగినదని పరీక్షలలో ధ్రువీకరించబడినందున, బిగింపు తగ్గించడం ఉద్యోగి తప్పిదముగా పరిగణించడమైనది." వచ్చే శుక్రవారం పదింటికి విచారణ.

బావ వచ్చి చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం దించకుండానే అడిగాడు.

"ఎనిమిది గంటలు ఎవరు పెట్టుకున్నారు బావా?"

"ఏంటి?"

"ధ్రువీకరించారు అంటున్నారుగా. ఎవరు పెట్టుకుని చెప్పారు? ఏడాదిన్నర నుంచి అక్కడే ఉన్నాను. దాన్ని అరగంట పెట్టుకున్న మనిషిని మా కర్మాగారంలో నేను చూడలేదు."

మర్నాడు భోజనాల వేళ పరీక్షల గదికి వెళ్ళాడు. ఆ గది చూసుకునే ఆవిడ బావ ఈడుదే, నెమ్మదస్తురాలు. ఎనిమిది గంటల పరీక్ష ఎలా చేస్తారో చూడాలని ఉందంటే సంతోషంగా చూపించింది. పాపం, అడిగినవాళ్ళెవరూ లేరట ఇంతవరకు.

బల్ల మీద ఒక ప్లాస్టర్ తల ఉంది. తెల్లగా, నున్నగా, జుట్టు లేకుండా, మెడ దాకా. కింద చిన్న మోటారు. మోటారు తిరిగితే తల ముందుకు వంగుతుంది, లేస్తుంది. గంత పెట్టి ఎనిమిది గంటలు అలా వంచి లేపుతారు. జారకపోతే పరీక్ష గెలిచినట్టు. పక్కనే నమూనా కాగితం. అందులో ఒక గడిలో 'అసౌకర్యం' అని అచ్చు వేసి ఉంది. దాని ఎదురుగా చక్కని చేతిరాతతో 'నమోదు కాలేదు' అని రాసి ఉంది.

ప్లాస్టర్ తల నొప్పని చెప్పలేదు గనక నొప్పి లేదట! బావ ఇది చెప్పిన సాయంత్రం నేను చేతిలో పుస్తకం మూసి, ఏ పేజీ చదువుతున్నానో కూడా మరిచిపోయాను. చదువుకున్నవాళ్ళు, సంతకాలు చేసేవాళ్ళు, ఆ కాగితం ఎన్ని బల్లలు దాటి ఉంటుంది! ఒక్కరికీ నవ్వు కూడా రాలేదా?

అసలు సంగతి అది కాదు. బావ అలవాటు చొప్పున ఆ తల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. రెండు చూపుడు వేళ్ళు చెవుల పైనుంచి వెనక్కి పోనిచ్చాడు. వేళ్ళు దిగబడ్డాయి. కంటికి కనబడనంత నున్నగా, రెండు వైపులా, పట్టీ ఆనే చోట, ఒక గాడి ఉంది.

"ఇదేంటమ్మా?"

"ఏది? ఓ, అదా? మొదట్లో జారిపోయేదండీ. ఎన్నిసార్లు పెట్టినా రెండు గంటలకే ముక్కు మీదికి వచ్చేది. సరుకు పంపాల్సిన తారీఖు దగ్గరపడింది. పెద్దాయన కాస్త పట్టు దొరికేలా చేయమన్నారు. ఆకురాయి పెట్టి కొంచెం గీరాం. తర్వాత జారలేదు."

"తలను గీరారా?"

"ప్లాస్టరేగా మేస్త్రిగారూ" అంది ఆవిడ. ఆవిడ మీద ఆయనకు కోపం రాలేదట. నాకు మాత్రం ఆవిడ మీద కూడా వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. పట్టీ తలకు కుదరలేదు. పట్టీని మార్చలేదు, తలను చెక్కారు. చెక్కిన తలకు కుదిరింది గనక చెక్కని తలలన్నిటినీ తప్పుపట్టారు. ప్లాస్టర్‌కు ఆకురాయితో వేసిన గాడే, మా చెల్లి చెవుల వెనక మాంసంలో పడుతోంది రోజూ.

బావ ఆ తలను అడిగి తీసుకున్నాడు. దొంగతనంగా కాదు. ఆ గదిలో వస్తువులు బయటికి పోతే రాయడానికి ఒక పుస్తకం ఉంది. అందులో స్వయంగా రాశాడు: 'తల ఒకటి. తీసుకున్నది పట్టీల విభాగం. కారణం: పరిశీలన.' గేటు దగ్గర కాపలా మనిషి సంచి తడిమి ఉలిక్కిపడ్డాడట.

"ఏంటి మేస్త్రీ ఇందులో?"

"తల."

"ఎవరిది?"

"అదే తెలియట్లేదయ్యా. ఇంతవరకు ఇలాంటి తలున్న మనిషి కనబడలేదు."

శుక్రవారానికి నాలుగు సాయంత్రాలున్నాయి. పనికిరావని పక్కన పడేసిన డబ్బాలోంచి ఒక పట్టీ, ఒక తెర అడిగి తెచ్చుకున్నాడు. మా భోజనాల బల్ల ఆయన పాత దుకాణమైపోయింది. ఇసుక పళ్ళెం అటక మీంచి దిగింది. ముందు బ్యాటరీని నుదుటి మీంచి తీసి, సన్నని తీగ వేసి, తల వెనక్కి మార్చాడు. ఇప్పుడు ముందు తెర, వెనక బ్యాటరీ కావడికి రెండు బుట్టల్లా తూగాయి. వెనక చక్రం తీసేశాడు. పట్టీ వెనక భాగాన్ని రెండు పాయలు చేశాడు. ఒక పాయ జుట్టు ముడికి పైనుంచి, ఇంకొకటి కిందనుంచి పోతుంది. ఏ చెవికి ఆ చెవి దగ్గర వేరువేరుగా మరలు పెట్టాడు. కణతలకు తగిలేచోట కళ్ళజోళ్ళకు ముక్కు దగ్గర పెట్టే మెత్తని బిళ్ళలు అతికించాడు. తెర ఉన్న కొమ్మ పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ జరిగేలా చిన్న కీలు వేశాడు.

ఇదంతా రాయడానికి ఎనిమిది వాక్యాలే పట్టాయి. చేసేటప్పుడు మొదటిరోజు పెట్టింది రెండోరోజు పీకేశాడు. మూడోరోజు కిందిపాయ మెడకు కోసుకుంటోందని మా చెల్లి దాన్ని తీసి బల్ల మీద విసిరింది.

"చంపేస్తున్నారు! దీనికన్నా మీ పెద్దాయనదే నయం."

"ఏది, ఎక్కడ?"

"అన్నిచోట్లా."

"అన్నిచోట్లా అంటే నాకేం అర్థమవుతుందే? వేలు పెట్టి చూపించు."

"వేలు పెట్టి చూపించడానికి నేనేం ప్లాస్టర్ తలనా? మీరే వెతుక్కోండి."

వెతుక్కున్నాడు. నన్నూ వదల్లేదు. నాకు కళ్ళజోడుంది, తల బోడి, మెడ సరిగ్గా వంగదు. "నువ్వు దొరకడం నా అదృష్టం బావా, ఒక్క మనిషిలో మూడు చిక్కులు" అని నా నెత్తిన పెట్టి వీధి చివరిదాకా పంపాడు. ఎదురింటివాళ్ళు కిటికీల్లోంచి చూశారు. నేను కిందికి వంగి చెప్పు సరిచేసుకున్నాను. మేడ మీదికి చూశాను. తిరిగొచ్చాక ఎడమ చెవి వెనక నూలుపోగంత నొక్కుతోందని చెప్పాను. ఆయన నిజంగానే సంతోషించాడు.

గురువారం సాయంత్రం మా చెల్లి పెట్టుకుని వీధి చివరికి వెళ్ళింది, వచ్చింది. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. లోపలికి వెళ్ళి బట్టలు మడత పెట్టింది. పక్కింటావిడతో గోడ దగ్గర నిలబడి నీళ్ళ పంపు గురించి పోట్లాడింది. వచ్చి నా మీద కూడా కసిరింది, మంచినీళ్ళ గ్లాసు పుస్తకం మీద పెట్టానని. బావ గుమ్మానికి ఆనుకుని దాన్నే చూస్తున్నాడు.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు?"

"ఏం లేదు."

"ఏం లేదేంటి, నవ్వుతున్నారుగా!"

"గంట పది నిమిషాలైందే, అది నీ నెత్తి మీదే ఉంది."

చెయ్యి పైకెత్తి తడుముకుంది. అప్పటిదాకా దాన్ని మరిచేపోయింది. దాన్ని మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

శుక్రవారం ముగ్గురమూ వెళ్ళాం. నన్ను లోపలికి రానివ్వలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాను, తలుపు సగం తెరిచే ఉంది. లోపల గోడౌన్ మేనేజరమ్మ, ఎదురుగా మా చెల్లి, పక్కన బావ. ఆ కర్మాగారానికి ఈ గోడౌన్ పెద్ద ఖాతాదారు కావడంతో డిజైన్ పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఎనిమిది గంటల పరీక్ష సంగతి ఆయనే చెప్పాడు, మెత్తగా.

బావ సంచిలోంచి తలనూ, తాను మార్చిన గంతనూ తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, చెవుల వెనక వేలు పెట్టి చూడండి."

"దీనికీ విచారణకూ ఏం సంబంధం?" అన్నాడు పెద్దాయన.

మేనేజరమ్మ అప్పటికే వేళ్ళు పెట్టింది. "గాడిలా ఉందే" అంది.

అప్పుడు మా చెల్లి కుర్చీలోంచి లేచింది. జుట్టు వెనక్కి తోసి, తల పక్కకు వంచింది. "ఇప్పుడిక్కడ పెట్టండమ్మా. పట్టీ జారకుండా ఆ తలకు ఆకురాయితో గాడి వేశారు. నాకు ఆకురాయి కూడా అక్కర్లేకపోయింది, రోజూ ఎనిమిది గంటలు ఈ పట్టీతోనే పడింది."

తర్వాత బావ గొంతు వినిపించింది. ముప్పై ఒక్క ఏళ్ళు అన్న మాటే.

"సార్, ఒక్కసారి మీది మీరు పెట్టుకుని పదో వరస చివరిదాకా వెళ్ళి రండి. దారిలో ఒక పెట్టె కిందినుంచి తీయండి, ఒకటి పైనుంచి తీయండి. అప్పుడు మీరేమంటే అది."

"నాకు పదకొండింటికి ఇంకో మీటింగ్ ఉంది" అన్నాడు పెద్దాయన.

ఇన్ని వేల తలలకు ఎక్కించినవాడు, తన తలకు పావుగంట ఎక్కించుకోలేకపోయాడు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఈ వయసుకు కోపం చల్లారిపోతుందంటారు. ఆ బెంచీ మీద నాకు చల్లారలేదు.

మేనేజరమ్మ కంపెనీ గంత తనే పెట్టుకుని వెళ్ళింది. ఇరవై నిమిషాల తర్వాత గంత చేత్తో పట్టుకుని వచ్చింది. నుదుటి మీద గీత నాకు బెంచీ దగ్గరికే కనిపించింది. ఆవిడ ఇప్పుడు న్యాయం చెబుతుందనుకున్నాను. కూర్చుని, కాగితం ముందుకు లాక్కుంది.

"నమోదైన హెచ్చరికల్ని నేను తీసేయలేను. నియమం నియమమే. కాకపోతే, తప్పును క్షమించడమైనదని రాస్తాను. ఇక్కడ సంతకం పెట్టండి, రేపటినుంచి పనిలోకి రండి."

"దేనికి క్షమించడం?" అంది మా చెల్లి.

"అదే, పట్టీ వదులు చేసినందుకు."

"మీరిప్పుడు చేత్తో పట్టుకునే వచ్చారు కదమ్మా. మిమ్మల్నెవరు క్షమిస్తారు?"

"మాట తిన్నగా రానివ్వండి. సంతకం పెడతారా, లేదా?"

"తప్పు చేస్తే పెట్టేదాన్ని."

కలం అక్కడే వదిలేసి బయటికి వచ్చింది. బావ తలను మళ్ళీ సంచిలో వేసుకున్నాడు, తాను మార్చిన గంతను మాత్రం ఆ బల్ల మీదే వదిలేశాడు. బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం. "పెట్టేస్తే పోయేదేమో" అని బావ వెనకనుంచి గొణిగాడు. అది తల తిప్పకుండానే, "మీరు అడ్డమైన తలకూ పట్టీ వంచుతారు. నేను వంచను" అంది.

పదకొండు రోజులు ఇంట్లో కూర్చుంది. ఆ రోజుల్లో నేను దానికి పుస్తకం చదివి వినిపించాను. వింటున్నట్టే ఉండేది, మధ్యలో, "పదో వరసలో ఎవరున్నారో ఇప్పుడు" అనేది. పన్నెండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. పదకొండో వరసలో పనిచేసే పొడుగావిడ. స్పీకరు వేయకపోయినా గది అంతటికీ వినిపించింది.

"వదినా, పొద్దున్నే అందరం కలిసి రెండు టక్కులు వదులు చేశాం!"

"అందరం అంటే?"

"ముప్పై ఎనిమిది మందిమి. ఆ కంప్యూటరు ఒకటే గోల, ముప్పై ఎనిమిది హెచ్చరికలు. పదింటికల్లా ఇంకోసారి వదులు చేశాం. మళ్ళీ ముప్పై ఎనిమిది. మేనేజరమ్మ వచ్చి, ఆపండి అంటుంది. మమ్మల్నా, కంప్యూటర్నా అని అడిగాం. ఇక మూడోసారి చెయ్యమంటావా? నీ మాట కోసమే ఆగాం."

మా చెల్లి ఫోను చెవికి ఆనించుకునే గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. "మధ్యాహ్నం భోజనాలయ్యాక చెయ్యండి. ఖాళీ కడుపుతో వద్దు" అంది.

మూడోసారి చేసే అవసరం రాలేదు. ముప్పై ఎనిమిది మందిని ఒక్కరోజులో తీసేస్తే పెట్టెలు ఎవరు మోస్తారు? రెండు రోజుల్లో ఉత్తరం వచ్చింది. 'పట్టీ బిగింపునకు సంబంధించి జారీ అయిన హెచ్చరికలన్నీ రద్దు చేయడమైనది.' క్షమించడం అన్న మాట లేదు. తప్పయిందన్న మాట కూడా లేదు, వాళ్ళ నోటినుంచి రాదు. మా చెల్లి ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుని, మర్నాడు ఎనిమిదింటికి పనిలో ఉంది.

ఏడు నెలల తర్వాత గోడౌన్‌కు కొత్త గంతలు వచ్చాయి. బ్యాటరీ వెనక. రెండు పాయల పట్టీ. ఏ చెవికి ఆ చెవి దగ్గర మర. కొమ్మకు కీలు. పెట్టెలో చిన్న పుస్తకం కూడా పెట్టారు. మా చెల్లి తెచ్చి నాకిచ్చింది, నువ్వు చదువుతావుగా అని. 'మానవ తల ఆకృతులపై మా ఇంజనీర్ల సుదీర్ఘ పరిశోధనా ఫలితం' అని మొదటి పేజీలోనే ఉంది. ఆ పరిశోధన మా భోజనాల బల్ల మీద జరిగింది. ఆ ఆకృతుల్లో ఒకటి నాది. అట్ట నుంచి అట్ట దాకా వెతికాను, చెవుల మేస్త్రి అన్న మాట ఎక్కడా లేదు. పెద్దాయన ఫొటో ఉంది.

బావకు మాత్రం ఒక ఉత్తరం వచ్చింది. 'విభాగపు ఆస్తి అయిన తల ఒకటి ఇంతవరకు తిరిగి అప్పగించనందున సంజాయిషీ ఇవ్వవలెను.'

"మెప్పు లేకపోగా సంజాయిషీనా! ఇవ్వకు బావా, అటక మీద పడెయ్" అన్నాను. గొంతు హెచ్చిందని మా చెల్లి వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఇచ్చేద్దాం బావా. రేపు ఇంకోటి చేస్తారు, దాన్నీ దీనికే పెట్టి చూస్తారు" అన్నాడాయన.

ఆదివారం బల్ల మీద కాగితం పరిచాడు. ప్లాస్టర్ పొడి నీళ్ళలో కలిపి, ఆ రెండు గాడులూ పూడ్చాడు. ఆరాక సన్నని ఉప్పుకాగితంతో రుద్దాడు. వేళ్ళు పెట్టి చూసుకుని మళ్ళీ రుద్దాడు. ఆ తర్వాత మా చెల్లిని పిలిచి, దాని వెనక నిలబడి చెవులు తడిమాడు. ఎక్కడా కందిపోలేదు. అది "అబ్బా" అనలేదు. "ఇప్పుడేం వెతుకుతున్నారు, ఏమీ లేదుగా" అంది.

"నువ్వు కదలకు."

చూసుకుంటూ, ప్లాస్టర్ తలకు ఎడమ చెవి వెనక కొంచెం గీకి, కింద కొంచెం చేర్చి, ఆ చెవిని వడ్లగింజంత కిందికి దించాడు. చెల్లి చెవి అలాగే ఉంటుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నాకెప్పుడూ తెలియలేదు.

సోమవారం సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. పరీక్షల గది పుస్తకం తెరిచి, తన పాత రాత పక్కనే రాశాడట: 'తల ఒకటి. బాగుచేసి అప్పగించడమైనది.' ఆ గది ఆవిడ అలవాటుగా కొత్త పట్టీ ఒకటి పెట్టి మోటారు వేసింది. గంట గడిచింది.

"మేస్త్రిగారూ, ఎడమ పక్క కొంచెం జారుతోందండీ" అందట.

"జారనీ అమ్మా. ఆ మరను ఒక పిసరు తిప్పు" అన్నాడు బావ. "తలజోలికి మాత్రం పోకు."